మూసిన రేవులో మంచు

గంట కొట్టేవాడి శవం ఈసారి కూడా దొరకలేదు.

గజఈతగాడు పడవ అంచు పట్టుకుని పైకి తేలాడు. నోట్లో నీళ్లు ఉమ్మేసి, "అడుగున ఇసుక తప్ప ఏమీ లేదు సార్" అన్నాడు. డిటెక్టివ్ కోటు కాలర్ పైకి లాక్కుని రేవు వైపు తిరిగాడు. ఊరంతా మంచులో మునిగి ఉంది. ఇళ్లు లేవు, ఇళ్ల నీడలున్నాయి. మనుషులు లేరు, అడుగుల చప్పుళ్లున్నాయి. ఒక్కో వీధిదీపం చుట్టూ ఒక్కో వెలుగు వలయం, నిద్రలో సగం తెరిచిన కంటిలా.

"అబ్బ, ఏం మంచు వేశాడ్రా మహానుభావుడు!" అంటూ సోఫా అంచుకి జరిగి కూర్చున్నాడు క్రేన్ ఆపరేటర్.

ఆ వీడియోగేమ్ పేరు 'మూసిన రేవు'. ఆడే పెట్టె కూతురిది. చదువు కోసం హాస్టల్‌కి వెళ్తూ, "నాన్నా, దీనికి దుమ్ము పట్టనివ్వకు" అని అప్పగించిపోయింది. అతను దుమ్ము తుడవడంతోనే మొదలుపెట్టాడు. తుడిచిన చెయ్యి ఊరుకోక మీట నొక్కింది. అంతే, పడవ దిగి రేవులో అడుగుపెట్టేశాడు. అప్పట్నుంచి పని నుంచి రాగానే కాళ్లు కడుక్కోవడం, టీ గ్లాసు పట్టుకుని ఆ ఊరికి వెళ్లిపోవడం.

కథ చిన్నదే. సాయంత్రం చేపల పడవలను గంట కొట్టి రాళ్ల మధ్య నుంచి రేవులోకి పిలిచే మనిషి ఒకరోజు మాయమయ్యాడు. గంట మూగబోయింది. రొట్టెలమ్మే ఆవిడ పారిపోయాడంటుంది. సత్రం నడిపే కవలలు మునిగిపోయాడంటారు. రేవు అధికారి అయితే ఆ మనిషి ఊసే ఎత్తనివ్వడు. నిజం తేల్చాల్సింది డిటెక్టివ్. నేరస్థుణ్ని వేలెత్తి చూపే అవకాశం ఒక్కసారే. తప్పితే ఆట అక్కడితో సరి.

డిటెక్టివ్‌ని ఎలా తీర్చిదిద్దుకోవాలన్నది మాత్రం ఆడేవాడి ఇష్టం. ఒక్కో ముడి విప్పినప్పుడల్లా కాస్త శక్తి వస్తుంది. దాన్ని చూపుకి పెట్టుకోవచ్చు, వినికిడికి పెట్టుకోవచ్చు, ధైర్యానికో మాటకారితనానికో పెట్టుకోవచ్చు. అతను వచ్చిందంతా వినికిడికే ధారపోశాడు. అంత మంచులో చూపుకి పెట్టడం దండగ కదా! ఇప్పుడు అతని డిటెక్టివ్ గోడ అవతలి గుసగుస వింటాడు. రేవు అధికారి చాటుగా దొంగ సరుకు పడవలు నడిపిస్తాడని అలాగే తెలిసింది. గొంతులో జీరని బట్టి అబద్ధం పట్టేస్తాడు. రేవు అధికారి గొంతు ఊళ్లో ఎక్కడైనా ఖంగుమంటుంది, గంట గోపురం దగ్గరికి వచ్చేసరికి మాత్రం నీరుగారిపోతుంది. చంపింది వాడే, సందేహం లేదు. కావలసిందల్లా శవం. అది దొరికితే వాడి పని పట్టొచ్చు.

శవమేమో సముద్రంలో లేదు.

* * *

పగలు అతను ఉండేది ఇంకో లోకం. లేస్తున్న భవనాల మధ్య, టవర్ క్రేన్ నెత్తిన, గాజు కేబిన్‌లో. కాళ్ల కింద నేల కూడా గాజే. పొద్దున్నే నిచ్చెన ఎక్కి కూర్చుంటే కింద మనుషులు, ఇసుక కుప్పలు, ఇనుప కడ్డీలు అన్నీ ఎవరో మరిచిపోయిన బొమ్మల్లా ఉంటాయి. గాలి వీస్తే కేబిన్ మెల్లగా ఊగుతుంది. కొత్తవాళ్లకి కడుపులో తిప్పుతుంది. అతనికి మాత్రం అది ఉయ్యాల.

హెల్మెట్ పెట్టుకోకుండా తిరిగేవాణ్ని అంత ఎత్తు నుంచి పట్టేసి హారన్ కొట్టేవాడు. అందుకే సైట్‌లో అందరూ అతన్ని 'గద్ద' అంటారు. ఆ పేరంటే అతనికి లోపల్లోపల మహా ముద్దు.

కింద సిగ్నల్ ఇచ్చేది సొంత బావమరిది, భార్యకి తమ్ముడు. నోరు మూతపడని మనిషి కాబట్టి అతనికి 'రేడియో' అని పేరు. ఆ పనికి అలాంటి నోరే కావాలి. గోడల వెనక్కో గోతుల్లోకో, పై నుంచి కంటికి ఆనని చోటికి లోడు దించాల్సి వచ్చినప్పుడు ఆపరేటర్‌కి వాకీటాకీలో మాటే కన్ను. "దించు, దించు, దించు" అని కొక్కెం కదులుతున్నంతసేపూ మాట వినబడుతూనే ఉండాలి. మాట ఆగితే చెయ్యి ఆగాలి. ఎందుకాగిందని ఆలోచించకూడదు, ఇంకాస్తే కదా అని దించకూడదు. ఆ తర్వాత చేతి సైగలు చూసుకుని కదలాలి. క్రేన్ వాళ్లకి ఇది ప్రాణంతో సమానం.

"బావా, నిన్నైనా శవం దొరికిందా?" అన్నాడు రేడియో, కడ్డీల కట్టకి తాడు బిగిస్తూ.

"లేదురా. సముద్రమంతా గాలించాను."

"చేపలైనా పట్టుకొచ్చి ఉంటే అక్క కూర వండేది."

"నోరు మూసుకుని లోడు చూడరా."

"నోరు మూస్తే నీ క్రేన్ ఆగుతుంది బావా. నా నోటి మీద బతుకుతున్నావు నువ్వు. ఎత్తు, ఎత్తు, ఎత్తు..."

గద్ద నవ్వుకుంటూ ఎత్తాడు. ఈమధ్య సైట్ కూడా మంచుగానే ఉంటోంది. దుమ్మయి ఉంటుందని కేబిన్ అద్దం రోజూ తుడుస్తున్నాడు. తుడిచినా పోదు. సాయంత్రం ఫ్లడ్‌లైట్లు వెలిగితే ఒక్కో దీపం చుట్టూ ఒక్కో వలయం. అచ్చం రేవులోలాగే! ఒక్కోసారి కొక్కేన్ని దించుతూ దించుతూ, తను దించుతున్నది సముద్రంలోకేనని, ఇంకాస్త దించితే గంట కొట్టేవాడి కోటు కొక్కేనికి తగులుకుంటుందని అనిపించేది. చెవిలో బావమరిది గొంతు జోలపాటలా సాగుతుంటే, చేతులు వాటంతటవే మీటలు కదిపేవి. కంటికి ఆనే లోడుని కూడా తను ఆ గొంతు విని మాత్రమే దించుతున్నాడని అతనికి తట్టనే లేదు.

పైగా మనసు మేఘాల్లో ఉంది. సైట్‌కి కొత్త క్రేన్ వస్తోంది. ఇప్పుడున్న దాన్ని తలదన్నే ఎత్తు. "అది గద్దకే" అని సైట్ ఇంజనీర్ అందరి ముందూ మాటిచ్చేశాడు.

* * *

ఆదివారం మధ్యాహ్నం భార్య తొందరగా ఇంటికొచ్చింది. ఆవిడ పరదాలు కుట్టే షాపులో పని చేస్తుంది. ఆదివారాలే అక్కడ బేరాలెక్కువ. ఆరోజు కరెంటు పోయి మిషన్లు ఆగిపోవడంతో యజమాని అందర్నీ ఇంటికి పంపించేశాడు.

"ఆ ఊళ్లోనే ఉన్నారా ఇంకా? నేనూ వస్తా పదండి, చూద్దాం మీ శవం సంగతి" అంటూ టీ తెచ్చుకుని పక్కన కూలబడింది. భర్త ఇన్నాళ్లూ కథలు కథలుగా చెప్పినా ఆవిడ ఆ తెరని తీరిగ్గా చూడడం అదే మొదటిసారి.

"మాట్లాడకు. జాగ్రత్తగా చెవి పెట్టాలి. మంచులో ఏమీ కనబడదు."

ఆవిడ టీ ఊదుకుంటూ కాసేపు చూసింది.

"మంచేదండీ?"

"ఇదుగో, ఊరంతా!"

"ఎండ ఫెళ్లున కాస్తుంటే?"

"ఎండేమిటే, నీ మొహం!"

"నా మొహం సంగతి తర్వాత. సముద్రం మీద ఎండ, పెంకుల మీద ఎండ. ఆ రొట్టెలావిడ ముక్కు మీద పుట్టుమచ్చ కూడా కనబడుతోంది. బాగానే ఉంది ఊరు. ఇంతకీ ఆ పైనున్నాయన ఎవరు? ఇందాకట్నుంచి పాపం చెయ్యి ఊపుతూనే ఉన్నాడు."

"పైన ఎవరు?"

"ఆ గంట గోపురం కిటికీలో. ఎర్ర టోపీ పెట్టుకుని."

అతని చేతుల్లో మీటలు ఆగిపోయాయి. గంట కొట్టేవాడి ఆనవాలు ఎర్ర టోపీ. అది ఊళ్లో అందరూ చెప్పిన మాటే.

అతను లేచి వెళ్లి తెరకి ముక్కు ఆనించాడు. తెల్లని పొగలో నిలువుగా ఒక నీడ. దాని కొసన, చూడగా చూడగా, కుంకుడు గింజంత ఎరుపు. కదులుతోందా? కదులుతోందేమో.

"నెలల తరబడి సముద్రం గాలించారా? పైన మనిషి చేతులు పడిపోయేలా పిలుస్తుంటే?" అని భార్య పకపకా నవ్వింది. నవ్వు మధ్యలో తెగిపోయింది. గ్లాసు కింద పెట్టింది.

"ఏమండీ, ఇటు చూడండి. పోయిన వారం కిటికీకి కట్టిన పరదా ఏ రంగు?"

"బూడిద రంగు. నచ్చలేదని అప్పుడే చెప్పాను కదా."

"అది లేత నీలం."

గదిలో గేమ్ సముద్రం ఒక్కటే హోరుమంటోంది.

"రేపే కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్దాం" అందావిడ.

"కొత్త క్రేన్ చేతికి రానీ. తర్వాత వెళ్దాం. ఇప్పుడు కళ్ల మాటెత్తితే పైకి ఎక్కనివ్వరు. మంచేగా, ఉంటుంది పోతుంది."

"లోడు కింద నిలబడేది నా తమ్ముడండీ."

"వాడి గొంతు ఉన్నంతవరకు నాకు కళ్లతో పనేమిటే?"

ఆవిడ ఇంకేమీ అనలేదు. ఆ అనకపోవడమే ఇల్లంతా తిరిగింది. కంచం పెట్టింది, మంచినీళ్లు పెట్టింది, మాట మాత్రం పెట్టలేదు.

ఆ రాత్రి కలలో అతను రేవు వీధుల్లో నడిచాడు. ఎవరో పై నుంచి పిలుస్తున్నారు. తలెత్తితే మంచు. దించితే మంచు. గొంతు మాత్రం బావమరిదిది.

* * *

సోమవారం పొద్దున భార్య ఒకే మాట అంది, గుమ్మంలో. "కొత్త క్రేన్ వచ్చాక కాదు, ఇవాళే సైట్‌లో చెప్పండి. లేదా తమ్ముడికి నేనే చెప్తాను."

"మధ్యాహ్నం చెప్తాలే" అని అతను వెళ్లిపోయాడు. ఒక్క పూట. ఒక్క పూటలో ఏమవుతుంది? నిచ్చెన ఎక్కాడు. అద్దం తుడిచాడు. కింద తెల్లగా, మెత్తగా, ఊరు లేని రేవు.

"బావా, గుడ్ మార్నింగ్! ఏంటి, అక్క మంచిగా వాయించిందా? గొంతు పీలగా ఉంది."

"పని చూడరా."

ఇనుప కడ్డీల కట్ట. భవనం నెత్తి మీద కొత్తగా పోసిన స్లాబ్ మీదికి దించాలి. అడ్డేమీ లేని చోటు, కళ్లున్న ఎవడైనా చూసుకుంటూ దించే లోడు. ఎత్తాడు, తిప్పాడు.

"దించు, దించు, దించు, మెల్లగా, దించు, దిం..."

మాట ఆగింది.

చెయ్యి ఆగింది. ఏళ్ల తరబడి నేర్చిన చెయ్యి, అడక్కుండానే ఆగింది. కట్ట గాల్లో వేలాడుతూ మెల్లగా తిరుగుతోంది.

"ఒరేయ్?"

చప్పుడు లేదు. వాకీటాకీ బ్యాటరీ చచ్చిపోయినట్టుంది. మామూలే, ఎప్పుడో ఒకసారి జరిగేదే. ఇప్పుడు రేడియో బయటికొచ్చి చేతులతో సైగ చేస్తాడు. అది చూసి ఎత్తడమో దించడమో చేయాలి.

గద్ద కిందికి చూశాడు.

తెలుపు. ఆ తెలుపులో నారింజ రంగు మరక ఒకటి. బావమరిది వేసుకున్న జాకెట్. మరక వణుకుతోంది. దించమంటున్నాడా? ఎత్తమంటున్నాడా? లేక గాలికి జాకెట్ రెపరెపలాడుతోందా? కళ్లు నులుముకున్నాడు. కళ్లద్దాలు లేని ముఖం మీద చెమట. ఇంకెంత, మనిషెత్తు ఉంటుందేమో. ఆఖరి మాట 'దించు'. కాస్త మీట కదిపితే కట్ట స్లాబ్ మీద కూర్చుంటుంది. అందరూ భోజనాలకి వెళ్తారు. కొత్త క్రేన్ వస్తుంది. గద్ద గద్దగానే ఉంటాడు.

వేలు మీట మీదికి వెళ్లింది.

గోపురం కిటికీలో ఎర్ర టోపీ పెట్టుకున్న మనిషి చెయ్యి ఊపాడు.

కింద, ఎక్కడో చాలా లోతున, ఆ మంచు అడుగున, తన వాళ్లు. ఎవరు ఎక్కడున్నారో తనకి తెలియదు. ఇన్నాళ్లూ తెలియలేదు. తెలిసినట్టు అనుకున్నాడు, అంతే.

వేలు వెనక్కి తీసుకున్నాడు. బ్రేకు బిగించాడు. హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యకుండా మోగించాడు. ఊరంతటికీ వినబడేలా, గంటలా.

కాసేపటికి వాకీటాకీ గరగరలాడింది. రేడియో ఎవరి చేతిలోదో లాక్కున్నాడు.

"బావా! ఎత్తు ఎత్తు అని చేతులు ఊడిపోయేలా ఊపుతుంటే నిద్రపోతున్నావా? కట్ట కింద మేస్త్రి బూటు స్లాబ్ మీద ముందే ఉన్న కడ్డీల మధ్య ఇరుక్కుపోయింది. మనిషి కదల్లేకపోతున్నాడు!"

ఆ లైన్‌లో సైట్ అంతా వింటుంది. ఫోర్‌మన్ వింటాడు, ఇంజనీర్ వింటాడు.

"ఒరేయ్" అన్నాడు. "నాకు నువ్వు కనబడట్లేదురా."

"అంటే? నేను బయటే ఉన్నా కదా. ఎదురుగ్గా."

"తెలుసు. ఎదురుగానే ఉన్నావు. నాకు కనబడట్లేదు. చాలా రోజుల్నుంచి."

నోరు మూతపడని మనిషి నోరు మూతపడింది. గాలి ఒకటి వచ్చి కేబిన్‌ని ఊపి పోయింది. తర్వాత ఆ గొంతు వచ్చింది, మెల్లగా, చంటిపిల్లాడికి నడక నేర్పుతున్నట్టు.

"సరే బావా. ఏం పర్లేదు. నా మాట విను. ముందు ఎత్తు. ఎత్తు... ఎత్తు... చాలు. మేస్త్రిని లాగేశారు. ఇప్పుడు ఎడమకి తిప్పు. తిప్పు... తిప్పు... నేలకి దించేద్దాం. ఇక్కడ పిల్లి కూడా లేదు. దించు... దించు... దించు..."

కట్ట నేల తాకిన మెత్తని చప్పుడు వాకీటాకీలో వినబడింది. గద్ద అన్నీ ఆపేసి నిచ్చెన దిగాడు. సగం దారిలో ఒక చెయ్యి అతని మడమ పట్టుకుని మెట్టు మీద సరిగ్గా ఆనించింది. రేడియో ఎదురొచ్చేశాడు.

"ఇంకో మెట్టు బావా. ఇంకోటి. అక్కకి తెలుసా?"

"తెలుసు."

"అందుకే వాయించిందన్నమాట" అన్నాడు. గొంతు మాత్రం నవ్వలేదు.

* * *

"శుక్లాలు" అంది కళ్ల డాక్టరమ్మ. "ఈ వయసుకి తొందరే కానీ, రాకూడదని లేదు. కంటిలోపలి అద్దానికి మసక పట్టింది. తీసేసి కొత్తది పెడతాం. ఒక కన్ను కుదురుకున్నాక రెండోది." చాలా మామూలుగా చెప్పింది, పరదా మార్చినంత తేలిగ్గా.

కొత్త క్రేన్ వేరే అతనికి వెళ్లింది. "కళ్లు బాగుపడ్డాక పరీక్షకి రా, అప్పుడు మాట్లాడదాం" అన్నాడు ఫోర్‌మన్. అవునని కాదు, కాదని కాదు. మేస్త్రి మాత్రం ఇంటికొచ్చి, కుర్చీలో ఊరికే కూర్చుని, టీ తాగి, భుజం తట్టి వెళ్లాడు. అతన్ని ఇంకెవరూ 'గద్ద' అని పిలవలేదు. పిలవకపోవడం కూడా వినబడుతుందని అతనికి అప్పుడే తెలిసింది.

రెండో కంటి కట్టు కూడా విప్పి, డాక్టరమ్మ తెర చూడొచ్చని అన్నాక, ఓ మధ్యాహ్నం అతను, భార్య, బావమరిది ముగ్గురూ సోఫాలో ఇరుక్కుని కూర్చున్నారు. కిటికీకి లేత నీలం పరదా. అది నీలమని అతను ఇప్పటికి చాలాసార్లు ఒప్పుకున్నాడు.

రేవు తెరుచుకుంది.

ఎండ. పెంకుల మీద, పడవల మీద, తడి రాళ్ల మీద ఎండ. రొట్టెలావిడ ముక్కు మీద పుట్టుమచ్చ. ఇన్నాళ్లూ మెత్తగా, తెల్లగా, తనొక్కడి కోసం నిద్రపోయిన ఊరు ఇప్పుడు గీతలు గీసినట్టు నిలబడి ఉంది. అతనికి ఒక్క క్షణం బెంగగా అనిపించింది. పరాయి ఊళ్లో దిగినట్టు.

"ఏంటి బావా, అలా అయిపోయావు?"

"మంచు బాగుండేదిరా."

"బాగానే ఉంటుంది, కింద నిలబడ్డ నాకు తెలుసు ఎంత బాగుంటుందో!"

భార్య తమ్ముడి నెత్తిన ఒక్కటిచ్చింది. "ఆయన్ని ఆడనివ్వరా."

అతను డిటెక్టివ్‌ని గోపురం కింద నిలబెట్టి తలెత్తించాడు. పైన కిటికీలో ఎర్ర టోపీ. సన్నటి మనిషి, నెరిసిన గడ్డం. చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. మొదటి రోజు నుంచీ ఊపుతూనే ఉన్నాడు.

"అధికారి తాళం వేసి, గంట ముట్టుకోవద్దని బెదిరించాడన్నమాట" అంది భార్య. "గంట కొడితే వాడి దొంగ పడవల సంగతి బయటపడుతుందని."

"వాడేనని నేను ముందే చెప్పాను. గొంతు విని."

"చెప్పారు లెండి. శవం కూడా చూపిస్తానన్నారు."

తెర మీద ప్రశ్న మెరిసింది: నేరస్థుడెవరు? అతను దాన్ని పక్కకి జరిపాడు. అది ఎక్కడికీ పోదు. గేమ్‌లో ఇన్నాళ్లూ పట్టించుకోని మీట ఒకటుంది. నొక్కితే డిటెక్టివ్ చెయ్యి ఊపుతాడు. దేనికీ పనికిరాని ఆటబొమ్మ వేషం అనుకుని మొదట్లో ఒకసారి చూసి వదిలేశాడు.

ఇప్పుడు నొక్కాడు. డిటెక్టివ్ తన జేబులోంచి చెయ్యి తీసి, తలపైకెత్తి, మెల్లగా ఊపాడు.

కిటికీలో మనిషి ఆగిపోయాడు. చెయ్యి దించాడు. చూపు తగిలినవాడిలా కాసేపు అలాగే నిలబడి లోపలికి తిరిగాడు.

గంట మోగింది. ఒకటి తర్వాత ఒకటి, నీళ్ల మీద వెడల్పుగా. దూరంగా రాళ్ల అవతల పడవలు ముక్కులు తిప్పి రేవు వైపు కదిలాయి.

"దించు, దించు, దించు" అన్నాడు రేడియో గొంతు తగ్గించి, తెరచాపల్ని చూస్తూ.

బావ గోపురం కిటికీ మీంచి కళ్లు తిప్పలేదు. పక్కనున్న భార్య చెయ్యి మాత్రం తడుముకోకుండానే దొరికింది.